పొడుగక్క బల్ల

పొడుగక్క పొట్టిది.

ఆ ఆసుపత్రి వంటశాలలో కొత్తగా చేరినవాళ్ళకి మొదటిరోజు ఎదురయ్యే వింత ఇదే. "పచ్చిమిర్చి ముక్కలు కావాలా? లోపల పొడుగక్కని అడుగు" అని ఎవరో పంపిస్తారు. వాళ్ళు అరగోడ దాటి మెడ ఎత్తి చూస్తారు. ఎవరూ కనబడరు. చూపు దించితే, ఎత్తు బల్ల ముందు ఎత్తు స్టూలు మీద, కాళ్ళు నేలకి అందక బోర్లించిన నూనెడబ్బా మీద పాదాలు ఆనించుకుని, ఒక చిన్న మనిషి మిరపకాయలు చీరుతూ ఉంటుంది.

"పొడుగక్క ఎక్కడ?"

"నేనే."

"నువ్వా!"

"ఆఁ. కూర్చున్నాను కాబట్టి ఈ మాత్రం కనబడుతున్నాను. నిలబడితే ఇంకా పొట్టి."

ఈ జవాబు ఎన్నిసార్లు చెప్పిందో ఆమెకే తెలియదు. విన్నవాళ్ళు పకపకా నవ్వి, ముక్కల గిన్నె పట్టుకుని పోతారు. ఆ తర్వాత ఆమెతో మాట్లాడాల్సిన పని పెద్దగా ఎవరికీ ఉండదు.

మాట్లాడే వీలూ ఉండదు. కోత గది ఆసుపత్రి అడుగున, నేల కింది అంతస్తులో ఉంది. గది మధ్యలో పొడవాటి స్టీలు బల్ల. దానికి అటొక వరస, ఇటొక వరస ఆడవాళ్ళు ఎదురెదురుగా కూర్చుని ఉల్లిపాయలు, గుమ్మడికాయలు, బీన్సు కోస్తారు. చేతులు కత్తుల మీద, నోళ్ళు ఊరి మీద. గది చివర నడుమెత్తు గోడ ఒకటుంది. దాని వెనక, నీళ్ళు పోయే తూము పక్కన, గోడకి బిగించిన పెద్ద ఫ్యాను కింద మిరపకాయల బల్ల. అది అక్కడ ఉండటానికి కారణం ఉంది. రోగుల తిండికి కారం తగలకూడదు. మిరపకాయలు పైన పనిచేసే సిబ్బందికీ, రోగుల వెంట వచ్చినవాళ్ళకీ వండే క్యాంటీన్‌కే పోతాయి. కాబట్టి మిరపకాయలు కోసే మనిషి మిగతా బల్లలని ముట్టుకోకూడదు. ఆమె కత్తిపిడికి ఎర్రగుడ్డ చుట్టి ఉంటుంది, వేరేవాళ్ళు పొరపాటున తీసుకోకుండా. ఆమె గిన్నెలు వేరు, తుడుచుకునే గుడ్డ వేరు. కుళాయి కూడా మోచేత్తోనే తిప్పాలి.

వంటశాలలో ఆ చేతిని 'మిరపచెయ్యి' అంటారు. మిరపచెయ్యి ఉన్న మనిషి ముక్కు దురదపెడితే భుజానికి రుద్దుకుంటుంది. కంట్లో నలుసు పడితే జబ్బతో ఒత్తుకుంటుంది. దాహమేస్తే గ్లాసుని రెండు మణికట్ల మధ్య ఇరికించుకుని ఎత్తి తాగుతుంది. ఇంటికి పోయి శనగపిండి రుద్దినా, పెరుగు పూసినా, నూనెలో ముంచినా ఆ మంట గోళ్ళ సందుల్లో తిష్ఠ వేసుకునే ఉంటుంది. పై అంతస్తుల్లో ఒంటి మీద లేచే ప్రతి మంటకీ ఒక డాక్టరు ఉన్నాడు, ఒక మందు ఉంది, ఆ మందు పూయడానికి ఒక నర్సు ఉంది. వాళ్ళ కోసం వండే కూరలో పడే మిరపకాయలు ఎవరి చేతుల్ని కాల్చి వచ్చాయో మెట్లు దిగి చూసినవాడు లేడు. ఒకసారి ఎవరో తనిఖీకి వస్తున్నారని డబ్బాడు ప్లాస్టిక్ గ్లౌజులు తెప్పించారు. ఊదితే ఎగిరిపోయే రకం. పని మొదలెట్టిన కాసేపటికే కత్తిమొన తగిలి చిరిగేవి. చిరుగులోంచి రసం లోపలికి దిగి, అక్కడే నిలిచి, వేళ్ళు ఉడికినట్టయ్యేవి. ఆమె వాటిని మానేసింది. డబ్బా మాత్రం గోడమీది అరలో అలాగే ఉంది, మళ్ళీ తనిఖీ వస్తే చూపించడానికి.

ఆ పొద్దున ఇలాగే పని సాగుతోంది. పొడవు బల్ల పక్క గోడ అరలో ఒక పాత రేడియో ఉంటుంది. దాని మీద పెత్తనం ఉల్లి వదినది. ఉల్లిపాయల ముందు కూర్చునే ఆవిడని అందరూ అలాగే పిలుస్తారు. పాటలు అయిపోయాక రోజూ ఒకామె వచ్చి ఏదో ఒక మాట పుట్టుక గురించి చెబుతుంది. మామూలుగా ఆ సమయానికి వదిన రేడియో గొంతు నొక్కేసేది. ఆ రోజు చేతులు ఖాళీ లేక వదిలేసింది.

రేడియోలో ఆమె మిరపకాయ గురించి చెప్పింది. మనం అనాదిగా తింటున్నామనుకునే మిరపకాయ ఒకప్పుడు మనవాళ్ళకి తెలియనే తెలియదట. సముద్రాలు దాటి ఓడల్లో వచ్చిందట. అంతకుముందు కూరలో కారం అంటే మిరియమే. కొత్త కాయని కొరికి చూసినవాళ్ళు, ఇది కూడా మిరియంలా మండుతోందే అనుకుని, మిరియం పేరే దానికి తగిలించారట. మిరియపు కాయ వాడగా వాడగా మిరపకాయ అయిందట.

"ఇదెక్కడి చోద్యమే!" అంది ఉల్లి వదిన. "గుండ్రటి గింజ అదెక్కడ, వేలెడు కాయ ఇదెక్కడ! అది తీగకి కాస్తుంది, ఇది మొక్కకి కాస్తుంది. రంగు కలవదు, రూపం కలవదు. కొత్త పేరు పెట్టడానికి నోరు నొప్పెట్టిందా వాళ్ళకి?"

"మండితే చాలు వదినా, పేరుదేముంది" అంది వరసలో ఎవరో.

"అలా అయితే మా అత్తని కూడా మిరియం అనే పిలవాలి."

గదంతా నవ్వింది. ఆ నవ్వులోనే ఇంకెవరో, "మన పొడుగక్క మాత్రం? పేరుకీ మనిషికీ ఏమైనా పొత్తుందా?" అన్నారు. దాంతో నవ్వు ఇంకాస్త పెరిగింది.

వదిన అరగోడ వైపు గొంతెత్తింది. "అవునే పొడుగక్కా, ఎప్పుడూ అడుగుదామనుకుంటాను. నీకా పేరు పెట్టిన పుణ్యాత్ములెవరే?"

"ఏమో వదినా. ఎవరో పెట్టారు. గుర్తులేదు" అంది గోడ వెనకనుంచి.

గుర్తులేకపోవడమేం. ఆ గదిలో అందరూ మర్చిపోయిన సంగతి ఆమె ఒక్కతే మోస్తోంది.

భర్త పోయిన ఏడాది అది. చంకలో పసిపిల్ల. ఎక్కడ పని దొరికినా చాలని తిరుగుతుంటే, మనుషుల్ని పనికి కుదిర్చే మేస్త్రీ ఒకడు, ఆసుపత్రి వంటింట్లో ఒక చోటు ఖాళీ అయింది, రేపే రా, అన్నాడు. ఎందుకు ఖాళీ అయిందో ఆమె అడగలేదు. పిల్లని పక్కింటామెకి అప్పగించి, తడిజుట్టుతోనే పరిగెత్తుకొచ్చింది. అరగోడ వెనక బల్ల చూపించారు. బల్ల ఆమె రొమ్ముల దాకా ఉంది. నాలుగు కాళ్ళ కిందా రెండేసి ఇటుకలు పెట్టి అప్పటికే ఎత్తు చేసి ఉంది. కూర్చుని కత్తి చేతిలోకి తీసుకునే లోపే పొడవు బల్ల దగ్గరనుంచి ఒక గొంతు వినిపించింది.

"ఓ పొడుగక్కా! ఇటుకలు సరిపోయాయా, ఇంకో రెండు తేవాలా?"

అందరూ నవ్వారు. ఆ నవ్వులో పుల్లవిరుపు ఉందని తెలిసింది గానీ ఎందుకో తెలియలేదు. కొన్ని రోజులపాటు ఆమెతో ఎవరూ మాట్లాడలేదు. మాట్లాడాల్సి వస్తే ఆ పేరుతోనే. "పొడుగక్కా, ముక్కలు." "పొడుగక్కా, జరుగు." నీళ్ళ బిందె వాళ్ళ వైపు ఉండేది. మిరపచెయ్యితో దాన్ని ముట్టుకోకూడదు. ఎవరైనా పోస్తే తాగాలి. ఎవరూ పోసేవారు కాదు. పని ముగిసేదాకా నాలుక పిడచకట్టుకుపోయేది.

చివరికి బియ్యం ఏరే ముసలామె ఒకామె జాలిపడి చెప్పింది. ఈమెకి ముందు ఆ బల్ల మీద నిజంగానే పొడుగ్గా ఉండే మనిషి ఒకామె ఉండేది. పొడుగక్క అనేవారు. వంగి వంగి నడుము విరుగుతోందని ఎవరినీ అడక్కుండా ఇటుకలు తెచ్చి బల్ల లేపుకుంది. తర్వాత చేతులు మండుతున్నాయి, అంట్లు తోమేవాళ్ళకి ఇచ్చినట్టు రబ్బరు గ్లౌజులు ఇవ్వండి అని అడిగింది. ఇవ్వలేదు. ఇచ్చేదాకా కొయ్యనని కత్తి కింద పెట్టింది. ఆ సాయంత్రమే పంపేశారు. మర్నాడు పొద్దున్నే ఈమె వచ్చి కూర్చుంది.

"అందుకే నిన్నలా దెప్పుతున్నారు. ఆమె చోట్లో కూర్చున్నావని" అంది ముసలామె.

తనకి తెలియదని చెప్పాలనుకుంది. ఎవరికి చెప్పాలి? నీ తప్పు ఇదీ అని ఎదురుగా అన్నవాళ్ళుంటే కదా, కాదని చెప్పడానికి. వాళ్ళు అన్నది ఒక పేరు మాత్రమే. పేరుకి ఏం జవాబు చెబుతాం? అలా ఏళ్ళు గడిచాయి. దెప్పినవాళ్ళలో కొందరు పని మానేశారు, కొందరు పోయారు, బియ్యం ఏరే ముసలామె కూడా పోయింది. వాళ్ళ చోట్లలోకి కొత్తవాళ్ళు వచ్చారు. ఉల్లి వదిన కూడా తర్వాత వచ్చినావిడే. వాళ్ళకి ఆ పేరు ముచ్చటగా ఉంది, నోటికి తమాషాగా ఉంది. ప్రేమగానే పిలుస్తారు. పిలిచిన ప్రతిసారీ ఆమె మాత్రం వినేది ఆ మొదటిరోజు గొంతునే.

ఆ సాయంత్రం బస్సులో కిటికీ పక్కన కూర్చుని ఆమె మిరియం గురించే ఆలోచించింది. మిరపకాయ వచ్చి కూర్చున్నాక మిరియం ఏమైపోయింది? పొయ్యి పక్కనున్న చోటు పోయి, అలమరలో ఏ మూల డబ్బాలోకో చేరింది. దగ్గొస్తేనో, జలుబు చేస్తేనో తీస్తారు. దాని పేరు పెట్టుకుని ఇంకొకటి ఇల్లంతా ఏలుతుంటే దానికి ఎలా ఉండి ఉంటుంది? ఈ ముక్క రేడియోలో ఆమె చెప్పలేదు.

ఆ వారం సెలవురోజు కూతురింటికి వెళ్ళింది. కూతురు నగరానికి ఆ చివర కాపురం ఉంటోంది, బట్టలకొట్లో పని. ప్రసవమై నెలలు గడుస్తున్నాయి. చాప మీద పాపాయి కాళ్ళు తన్నుకుంటూ ఆడుకుంటోంది.

"ఎత్తుకోవే అమ్మా. ఎంతసేపు అలా దూరంనుంచి చూస్తావు, దిష్టిబొమ్మలాగా" అంది కూతురు.

ఆమె గోడకి ఆనుకుని కూర్చుని, చేతులు రెండూ మోచేతుల దాకా చాపింది. కూతురు పాపాయిని ఆ ముంజేతుల మీద పడుకోబెట్టింది. ఆమె అరచేతుల్ని బయటికి తిప్పి, తనవి కానట్టు గాలిలో పెట్టుకుంది. పాపాయి ఒళ్ళు వెచ్చగా ముంజేతులకి తగిలింది. చెంప నిమరాలనిపించి, మణికట్టు వెనకవైపుతో మెల్లగా రాసింది.

"నన్ను కూడా ఇలాగే ఎత్తుకునేదానివా?"

"నిన్ను ఒకసారి మర్చిపోయి అరచేత్తో నిమిరాను. ఆ పూటంతా గుక్కపట్టి ఏడ్చావు. నేనూ ఏడ్చాను, కళ్ళు తుడుచుకోబోయి ఇంకా ఏడ్చాను."

కూతురు నవ్వబోయి ఆగింది. "ఇక మానెయ్యవే ఆ పని. చేతులు చల్లబడ్డాక తీరిగ్గా ఎత్తుకుందువుగాని."

"మానేసి?"

పాపాయి నిద్రపోయింది. అరచేతులు మాత్రం గాలిలోనే ఉండిపోయాయి.

మర్నాడు బండన్న ఆ వార్త తెచ్చాడు. వార్డులకి భోజనాల బండి తోసుకెళ్ళే మనిషి అతను. ఆసుపత్రిలో ఏ అంతస్తు కబురైనా అతని బండి మీదే కిందికి దిగుతుంది.

"అరే, ఈ పేరు పేటెంటు నీదొక్కదానిదే అనుకున్నాను గదమ్మా!" అన్నాడు అరగోడ మీద మోచేతులు పెట్టి. "పైన ఆడవాళ్ళ ఎముకల వార్డులో ఇంకో పొడుగక్క తేలింది. పడి తుంటి విరిగిందట. మంచం చాలక కాళ్ళకింద కుర్చీ వేశారు. అంత మనిషి! భోజనం పెడుతుంటే, కింద మిరపకాయల బల్ల మీద ఇప్పుడెవరున్నారు బాబూ అంది. పొడుగక్క అన్నాను. పొడుగక్క నేనే కదరా అంది. మతి తప్పిందేమో అనుకున్నాను. కాదట, ఒకప్పుడు ఇక్కడే పనిచేసిందట!"

ఆమె చేతిలో కత్తి ఆగింది. "ఇంకేమంది?"

"నిన్ను చూడాలంది. రేపో ఎల్లుండో ఇంటికి పంపేస్తారు. వెళ్ళి చూడు, ఇద్దరు పొడుగక్కలూ పక్కపక్కన నిలబడితే టికెట్ పెట్టొచ్చు."

అతను నవ్వుకుంటూ బండి తోసుకుపోయాడు. మెట్లెక్కితే చాలు, ఆ మనిషి అక్కడుంది. ఇన్నేళ్ళు ఎవరి చోట్లో కూర్చుందో, ఎవరి పేరుకి పలికిందో ఆ మనిషి. ఏ మొహం పెట్టుకుని వెళ్ళాలి? వెళ్ళకపోతే, ఆ పేరు పిలిచిన ప్రతిసారీ ఇక జీవితాంతం ఇలా ఉలిక్కిపడుతూనే ఉండాలి. ఆ రోజు వెళ్ళలేదు. మర్నాడు బండన్న, "రేపు పొద్దున డిశ్చార్జి అట" అన్నాక, సందర్శకుల్ని వదిలే వేళ చూసుకుని, ఏప్రన్ విప్పి కొక్కేనికి తగిలించి, చేతులు పిండితో ఒకసారి, నూనెతో ఒకసారి రుద్ది కడుక్కుని, మెట్లెక్కింది.

ఆ వార్డులో ప్రతి మంచం పక్కనా ఎవరో ఒకరున్నారు, పళ్ళు వలుస్తూనో, జుట్టు దువ్వుతూనో. కిటికీ పక్క మంచం దగ్గర మాత్రం ఎవరూ లేరు. మంచం దాటి వచ్చిన రెండు పాదాలు ప్లాస్టిక్ కుర్చీ మీద ఉన్నాయి. ముసలామె కళ్ళు మూసుకుని పడుకుంది. నెరిసిన వెంట్రుక ఒకటి గాలికి మొహం మీద పడితే, చెయ్యి ఖాళీగానే ఉన్నా, వేళ్ళు వాడకుండా జబ్బ పైకెత్తి దాంతో నుదురు రుద్దుకుంది.

ఇక ఎవరినీ అడగక్కర్లేకపోయింది. మిరపకాయలు వదిలి ఇన్నేళ్ళయినా ఆ చెయ్యి ఇంకా మొహానికి దూరంగానే బతుకుతోంది.

"ఎవరమ్మా? సూది వెయ్యడానికా?" అంది ముసలామె కళ్ళు తెరిచి.

"కాదక్కా. కిందనుంచి వచ్చాను. వంటశాల."

"ఏ బల్ల?"

"మిరపకాయలది."

ముసలామె ఆమెని తలనుంచి పాదాల దాకా చూసింది. ఎక్కువసేపు పట్టలేదు. "నువ్వా పొడుగక్కవి!" అని నవ్వడం మొదలుపెట్టింది. నవ్వుతూ నవ్వుతూ తుంటి పట్టుకుంది. "నవ్వించకే తల్లీ, కుట్లు ఊడిపోతాయి."

"నేను పెట్టుకున్నది కాదక్కా. వాళ్ళు పెట్టారు. మీ చోట్లో కూర్చున్నానని దెప్పడానికి. మీరు వెళ్ళిన మర్నాడే వచ్చాను. మిమ్మల్ని పంపేశారని నాకు తెలియదు. తెలిసుంటే..."

"తెలిసుంటే రాకపోయేదానివా?"

ఆమె పక్కింట్లో వదిలి వచ్చిన పసిపిల్లని తలుచుకుంది. "వచ్చేదాన్నే అనుకుంటాను" అంది.

"అదీ మాట. కూర్చో. ఆ కాళ్ళ కుర్చీ లాక్కోకు, మంచం మీదే కూర్చో." ముసలామె కాస్త జరిగింది. "దెప్పారన్నమాట. ఎవరు? ఆ వరసలోవాళ్ళా? నేను కత్తి కింద పెట్టిన రోజు, సూపర్‌వైజరు వచ్చి అరుస్తుంటే, ఆ వరసంతా ఎంత శ్రద్ధగా ఉల్లిపాయలు కోసిందో తెలుసా? ఒక్కతీ తలెత్తలేదు. ఒక్కతీ అవునయ్యా, ఇవ్వచ్చు కదా అనలేదు. వాడిని అనాల్సిన మాట మింగేసి, మర్నాడు వచ్చిన నీ మీద కక్కారు. నీకు నీళ్ళన్నా పోశారా?"

"చాన్నాళ్ళు పొయ్యలేదు."

"పొయ్యరు. అదొక్కటే వాళ్ళ చేతనయింది." కోపంగా అనలేదు, అలసటగా అంది. "ఇటుకలు ఇంకా ఉన్నాయా?"

"ఉన్నాయి."

"ఎందుకే? నీకు ఆ బల్ల గడ్డానికి తగులుతుంది కదా!"

"మీరు పెట్టుకున్నవి కదాని..."

"ఓసి పిచ్చిదానా! నా నడుము నొప్పికి నేను పెట్టుకున్నాను. నీ భుజాలు పడిపోతుంటే నువ్వు తీసెయ్యాలి. వాటికేమన్నా పూజ చేస్తున్నావా?" ముసలామె నవ్వింది. తర్వాత మామూలుగా, టైమెంతయింది అన్నట్టుగా అడిగింది. "గ్లౌజులు ఇచ్చారా మరి?"

"ప్లాస్టిక్‌వి ఇచ్చారు. చిరిగిపోతాయి."

"నేనడిగింది అవి కాదు. రబ్బరువి."

"అవి ఇవ్వలేదు."

"నువ్వు అడిగావా?"

ఆమె తన అరచేతుల్ని చూసుకుంది. పక్కమంచం దగ్గర ఎవరో బత్తాయి వలుస్తున్న వాసన వచ్చింది.

"ఇన్నేళ్ళూ నా పేరు పెట్టి పిలిస్తే పలికావు. ఒక్కసారి అడగలేకపోయావా?"

"మీలాగే పంపేస్తారని భయమేసిందక్కా."

"పంపేస్తారు. నిజమే, పంపేశారుగా." ముసలామె కిటికీ వైపు తిరిగింది. "లాండ్రీలో చేశాను, సంచులు కుట్టాను, స్కూల్లో ఊడ్చాను. ఎక్కడా ఎవరూ నన్ను పొడుగక్క అనలేదు. ఇక్కడ అలా పిలవడం ఒక్కటే కాస్త బాగుండేది. అది కూడా నీ దగ్గర వదిలేసి వెళ్ళానన్నమాట. ఉంచుకో, నేనేం చేసుకోను. ఊరికే ఉంచుకోకు, అంతే."

గంట మోగింది. సందర్శకుల్ని బయటికి పంపుతున్నారు. ఆమె లేచింది. ముసలామె చెయ్యి చాపింది. ఆమె చప్పున తన చెయ్యి వెనక్కి లాక్కుంది. "వద్దక్కా, మంట. ఎంత కడిగినా..."

"నాకు చెబుతున్నావా?" అంటూ ముసలామె తన చెయ్యి తిరగేసింది. మణికట్టు వెనకవైపు ముందుకి పెట్టింది. ఆమె కూడా తిరగేసింది. రెండు మణికట్లూ ఒకదానికొకటి తగిలి, కాసేపు అలాగే ఉన్నాయి. ఎన్నో ఏళ్ళ తర్వాత ఆమెని భయం లేకుండా ముట్టుకున్న మనిషి ఆ ముసలామె.

మర్నాడు పొద్దున ఆమె మామూలు వేళకే వచ్చింది. ఏప్రన్ కట్టుకుంది, జుట్టుకి టోపీ పెట్టుకుంది. గంపెడు మిరపకాయలు బల్ల మీద ఉన్నాయి. ఆమె స్టూలు మీద కూర్చుంది గానీ కత్తి తియ్యలేదు. చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది.

కాసేపటికి సూపర్‌వైజరు వచ్చాడు. తర్వాతి ఏళ్ళలో వచ్చినవాడు. "ఏమ్మా, ఇంకా మొదలే పెట్టలేదు? పైన క్యాంటీన్‌వాళ్ళు నా ప్రాణం తీస్తున్నారు."

"గ్లౌజులు కావాలి సార్."

"డబ్బాడున్నాయిగా అక్కడ."

"అవి కాదు. చిరగనివి. రబ్బరువి."

"ఆ మందపువి వేసుకుని కత్తి పడితే వేళ్ళు తెగ్గోసుకుంటావు."

"సన్నవి కూడా ఉంటాయి సార్. పైన ఆపరేషన్లకి రోజూ తొడుక్కుని పారేస్తారు."

అతను ఆమెని కొత్తమనిషిని చూసినట్టు చూశాడు. "ఇన్నేళ్ళూ లేనిది ఇవాళేమొచ్చింది? ఎవరు ఎక్కించారు నీకు?"

"పొడుగక్క అడిగింది సార్, ఇచ్చారా అని."

"పొడుగక్కంటే నువ్వేగా?"

"నాకంటే ముందు ఒకామె ఉంది. ఆమె అడిగి వెళ్ళింది. ఇచ్చేదాకా నేను కొయ్యను."

పొడవు బల్ల దగ్గర కత్తుల చప్పుడు ఆగిపోయింది. సూపర్‌వైజరు అటు తిరిగాడు. "ఇవాళ్టికి ఎవరైనా ఆ బల్ల మీదికి వెళ్ళండమ్మా."

ఎవరూ లేవలేదు. ఎవరూ మాట్లాడనూ లేదు. ఇవ్వచ్చు కదా సార్ అని ఒక్క నోరు తెరుచుకుంటుందేమోనని ఆమె గోడ వెనక చెవి ఒగ్గి విన్నది. ఉల్లి వదిన ముక్కు ఎగబీల్చింది, ఉల్లిపాయలకో మరి దేనికో. కత్తులు మళ్ళీ ఒకటొకటిగా మొదలయ్యాయి.

"సరే. రేపు బయటినుంచి మనిషిని తెప్పిస్తాను. నీ సంగతి పైవాళ్ళతో మాట్లాడి చెబుతా" అని అతను విసవిసా వెళ్ళిపోయాడు.

ఆమె స్టూలు దిగింది. మిరపకాయల గంపని మోచేతుల్తో కిందికి దించింది. బల్ల ఒక మూల భుజంతో ఎత్తి, కాలితో ఇటుకని తన్నింది. కదల్లేదు. ఏళ్ళ తరబడి తడికి నేలతో అతుక్కుపోయింది. రెండోసారి తన్నబోతుంటే బల్ల తేలికైంది. చూస్తే అవతలి మూల ఉల్లి వదిన పట్టుకుని ఉంది. అరగోడ దాటి ఇవతలికి వదిన రావడం ఆమె ఎప్పుడూ చూడలేదు.

"పట్టుకున్నాను, తియ్యి" అంది వదిన ఆమె మొహం వంక చూడకుండా.

ఇద్దరూ కలిసి ఒక్కో మూలా ఎత్తి ఇటుకలు లాగేశారు. ఆమె వాటిని గోడవారగా పేర్చింది. బల్ల ఆమె నడుముకి దిగింది. ఎత్తు సరిపోయిందో లేదో చూసుకోవడానికి అరచేతులు రెండూ దాని మీద పెట్టి చూసింది. ఈ రోజు మిరపకాయ ముట్టుకోలేదు. రేపు కూడా ముట్టుకోకపోతే, ఎల్లుండి కూడా ముట్టుకోకపోతే, ఈ చేతులు చల్లబడతాయి. పాపాయి చెంప గుర్తొచ్చింది. పని లేక చల్లబడిన చేతులకి తిండి ఎక్కడిది అన్నది కూడా గుర్తొచ్చింది.

వదిన పోతూ పోతూ ఆగింది. "నేను మాట్లాడాల్సింది ఇందాక" అంది. "నోరు పెగల్లేదే."

ఫరవాలేదు అని అలవాటుగా నోటిదాకా వచ్చింది గానీ, ఫరవాలేదు అనుకోలేదు కాబట్టి అనలేదు.

"వదినా, రేపు ఎవరో ఒకామె వస్తుంది. నాలాగే ఏమీ తెలియకుండా వస్తుంది. ఆమెని ఏమీ అనకండి. నీళ్ళు పొయ్యండి. ముందు పేరడగండి."

"అడుగుతాములే."

"నవ్వుకోవడానికి ఏదో ఒకటి తగిలించకండి. పేరడగండి."

వదిన గోడవారనున్న ఇటుకల్ని చూసింది. "ఒకవేళ నిజంగానే పొడుగ్గా ఉంటే?"

"ఇటుకలు అక్కడే ఉన్నాయి. నడుము నొప్పెడితే తనే పెట్టుకుంటుంది. మీరు మాత్రం ముందు పేరడగండి."

వదిన అవతలికి వెళ్ళింది. కాసేపటికి బిందెలోంచి గ్లాసుతో నీళ్ళు ముంచి, అరగోడ మీద పెట్టి, తన చోటికి పోయింది. ఆమె అలవాటుగా మణికట్లు ముందుకి చాపి, మళ్ళీ ఆగి, వేళ్ళతో గ్లాసు పట్టుకుని తాగింది. స్టీలు గ్లాసు చల్లగా ఉంది. తాగాక కూడా కాసేపు దాన్ని చేతిలోనే ఉంచుకుని, పైవాళ్ళ కబురు కోసం ఆ పొట్టి బల్ల ముందు కూర్చుంది.